తలుపు తీసేది నేనే

రాయబారిగారు అద్దం ముందు నిలబడి ఏడుపు సాధన చేస్తున్నారు.

మామూలు రాయబారి కాదు, మానవ హక్కుల రాయబారి. పాతికేళ్ళుగా ఆయన ఉద్యోగమంతా ఒకే ఒక్క ఖైదీ మీద నడిచింది. ఎక్కడో పరాయి దేశపు జైల్లో మగ్గుతున్న కుర్ర టీచరు. అతని పేరు చెప్పుకుని ఈయన ఎక్కని వేదిక లేదు, ఎక్కని విమానం లేదు. ప్రమోషన్ వచ్చిన ప్రతిసారీ రిసెప్షన్ గోడ మీదున్న అతని ఫోటోకి కొత్త ఫ్రేము కట్టించేవారు. ఆమాత్రం విశ్వాసం ఉంది లెండి.

ఈరోజు నాలుగింటికి ఆయనకి పతకం ఇస్తున్నారు.

"అతను బయటికొచ్చిన రోజున మొదట తలుపు తీసేది నేనే!" అని గొంతు వణికించి, సరిగ్గా రెండు సెకన్లు ఆగారు. బాగానే కుదిరింది.

కార్యదర్శి హడావిడిగా లోపలికొచ్చాడు. సొంత బావమరిదే.

"బావా, పొద్దుట్నుంచీ ఒక ముసలాయన రిసెప్షన్లో కూచున్నాడు."

"ఆఫీసులో సార్ అనమన్నానా లేదా?"

"సరే సార్. ఆయనకి మన దేశంలో ఉండే అనుమతి ఈరోజు ఐదింటితో అయిపోతుందట. మీరొక్క సంతకం పెడితే ఉండనిస్తారు. లేదంటే పోలీసులు వెనక్కి పంపేస్తారు. అక్కడికెళ్తే చంపేస్తారంటున్నాడు. పేరడిగితే నాకు చెప్పడు. మీకే ఇమ్మని ఈ చీటీ ఇచ్చాడు."

రాయబారిగారు చీటీ చదివారు. మళ్ళీ చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

"విలేకరులెవరైనా ఇటొచ్చారా?"

"లేదు సార్, అందరూ హాల్లోనే ఉన్నారు."

"కారు వెనక గేటుకి తెప్పించు."

"మరి ఆయన?"

"రేపు రమ్మను."

"రేపటికి ఎక్కడుంటాడు బావా? పాపం, చేతివేళ్ళన్నీ వంకర్లు పోయున్నాయి. ఆ చీటీ రాయడానికే అరగంట పట్టింది."

"దారినపోయే ప్రతివాడికీ సంతకాలు పెట్టడానికా నేనున్నది?"

హాల్లో ప్రసంగం అదిరిపోయింది. తలుపు మాట దగ్గరికొచ్చేసరికి గొంతు వణికింది, కన్నీరు వేళకి ఊడిపడింది. ముందు వరుసలో పెద్దమనుషులు కళ్ళొత్తుకున్నారు. ఆయన పతకం మెళ్ళో వేయించుకుని, పళ్ళికిలించి ఫోటోలు దిగారు. సిగ్గులేని జన్మ.

ఐదు దాటిన పది నిమిషాలకి పోలీసులొచ్చారు. ముసలాయన పేచీ పెట్టలేదు. కుర్చీలోంచి మెల్లగా లేచాడు.

వెళ్తూ వెళ్తూ, గోడ మీద కొత్త ఫ్రేములో ఉన్న తన పాతికేళ్ళ కిందటి ఫోటోని ఒక్కసారి చూసుకున్నాడు.