మిగలని మాత్రలు

నర్సు లోపలికి అడుగుపెట్టేసరికి మామ్మ వంటింటి గుమ్మంలో అడ్డంగా పడి ఉంది.

"ఇప్పుడే పడిపోయింది," మంచం మీంచి తాత గొంతు చించుకున్నాడు. కుడి పక్క చచ్చుబడిన మనిషి, తనంతట తాను లేవలేడు. "నా సంగతి తర్వాత. ముందు దాన్ని చూడు తల్లీ."

నర్సు ఈ ఇంటికి వచ్చేది తాత కోసం. మామ్మ రోగి కాదు. ఇల్లంతా బొంగరంలా తిరుగుతూ, మొగుణ్ణీ వచ్చిన నర్సునీ కలిపి తిట్టిపోసే మనిషి. అలాంటిదానికి నాడి దొరకడమే గగనమైంది. దొరికాక చూస్తే నిమిషానికి నలభై. బీపీ పై అంకె డెబ్బై అయిదు. నర్సు మామ్మ కాళ్ల కింద ఎత్తు పెట్టి అంబులెన్సుకి ఫోన్ చేసింది. బండి బయల్దేరిందని చెప్పి డాక్టర్‌కి కలిపారు.

"ఆవిడ ఏం మందులు వాడతారు?"

"ఏమీ లేదు సార్. తలనొప్పి మాత్ర కూడా మింగదు."

"ఇంట్లో బీపీ మాత్రలున్నాయా? పొరపాటున వేసుకున్నారేమో."

"పెద్దాయనవి ఉన్నాయి. కానీ వాటికి లెక్కుంది సార్."

ఆ లెక్కే నర్సు మూడు నెలల కష్టం. ఇళ్లకు తిరిగే నర్సుకి పరిశోధన గ్రాంటు రావడం అదే మొదలు. అర్జీ పెట్టిన రోజున "పరిశోధన డాక్టర్లు చేస్తారు, నీకెందుకు" అని నవ్వినవాళ్లే ఎక్కువ. నర్సు వారం వారం వచ్చి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టి కనిపెట్టుకుని ఉంటే పెద్దవాళ్లు మాత్రలు మానరని ఆమె చూపించాలి. సోమవారం కమిటీ ముందు కూర్చోవాలి. అంకెలు నచ్చితే ఇంకో రెండేళ్లకు డబ్బిస్తారు. లేకపోతే ఈ ఇళ్లకు రావడం కూడా ఆగిపోతుంది. ఆ మాట ఈ ఇంట్లో కూడా చెప్పింది. ఇరవై ఇళ్లలో ఏ వారమూ ఒక్క మాత్ర మిగలని ఇల్లు ఇదొక్కటే.

ఫోన్‌ని భుజంతో చెవికి నొక్కిపెట్టి, ఒక చేత్తో మామ్మ నాడి పట్టుకునే, రెండో చేత్తో గుమ్మం పక్క అరలోని మాత్రల డబ్బా అందుకుని తెరిచింది. పోయిన వారం తన చేత్తో పద్నాలుగు పెట్టింది. పద్నాలుగు గళ్లూ ఖాళీ. అంతకుమించి ఇంట్లో మాత్రే లేదు. తాత వేసుకోగా మామ్మకి వచ్చేదెక్కడినుంచి?

"మాత్రలు కాదు సార్. లెక్క సరిపోయింది."

"అయితే గుండెపోటేమో. పది నిమిషాల్లో వస్తారు, ఆవిణ్ణి కదపకండి. ఆ కంగారులో పెద్దాయనకి ఏమన్నా కాగలదు, ఆయన బీపీ కూడా చూడండి."

మామ్మ పెదాలు పాలిపోతున్నాయి. ఏం చేయాలో తోచక, డాక్టర్ చెప్పాడు కదా అని నర్సు తాత చేతికి పట్టీ చుట్టింది. అంకె రెండు వందల దగ్గర ఆగింది. పూట తప్పకుండా మాత్ర వేసుకునే మనిషికి అంతుండటానికి వీల్లేదు.

"తాతగారూ, నిజం చెప్పండి. మాత్రలు వేసుకుంటున్నారా?"

తాత గోడవైపు మొహం తిప్పుకున్నాడు. "వేసుకుంటే ఒకటే నీరసం. ఈ వారం నుంచి చేతిలోనే దాచుకుని, అది అటు తిరగ్గానే దిండు కింద తోస్తున్నాను. దానికి చెప్పకమ్మా, చంపేస్తుంది."

"ఎన్ని?"

"ఆరో, ఏడో."

నర్సు దిండు లాగి చూసింది. దుప్పటి దులిపింది. ఒక్కటీ లేదు.

గుమ్మం దగ్గర మామ్మ మూలిగింది. నర్సు పరుగున వెళ్లి, ఆ నోటి దగ్గర చెవి పెట్టింది.

"దిండు కింద ఏడు దొరికాయే అమ్మాయ్," అంది మామ్మ గాలిలాంటి గొంతుతో. "చూపిస్తే నిన్ను రానివ్వరని భయం, పారేస్తే నీ చేత దొంగలెక్క రాయించినట్టవుతుందని భయం... పొద్దున నేనే మింగేశాను."