వెనక చక్రం

"ఎవరయ్యా అది? నా సైకిల్ దగ్గర నీకేం పని?"

లైబ్రేరియన్ కేకకి, వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. చేతిలో పానా ఉంది.

"ఏం లేదమ్మా... గేరు కేబుల్ కాస్త వదులైంది..."

"అయితే నేను చూసుకుంటా. నిన్నెవరు పంపారు?"

ఆయన గబగబా పానా సంచిలో వేసుకున్నాడు.

"దొంగ మొహం! ఇంకోసారి ఇతన్ని గేటు లోపలికి రానిచ్చావంటే ఊరుకోను," అంది ఆమె వాచ్‌మన్‌తో.

ముసలాయన తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ సైకిలంటే ఆమెకి ప్రాణం. మోకాళ్ళ నొప్పులతో లైబ్రరీకెళ్ళే ఎత్తు ఎక్కలేకపోతోందని భర్త ఎక్కడెక్కడో వెతికాడు. గేర్లన్నీ చక్రం నడిమి హబ్బులోనే దాగుండే రకం తెచ్చి తన చేత్తోనే బిగించాడు.

"బట్టలకి జిడ్డంటదు. పదేళ్ళదాకా దీన్ని ముట్టుకోనక్కర్లేదు, చూస్కో!" అని గొప్పలు పోయాడు.

మరుసటి ఏడే జబ్బుచేసి పోయాడు.

రెండేళ్ళయింది. ఆయన మాట పొల్లుపోలేదు. గేర్లు ఒక్కరోజూ మొరాయించలేదు.

ముసలాయన్ని తరిమేసిన రెండు నెలలకి, ఎత్తు మధ్యలో రెండో గేరు జారింది. పెడల్ గిర్రున ఖాళీగా తిరిగి, మోకాలు కడ్డీకి కొట్టుకుంది.

రిపేరు షాపతను హబ్బు విప్పి చూశాడు.

"కేబుల్ వదులైందంతే మేడమ్. లోపలంతా అద్దంలా ఉంది. ఎవరు చూస్తున్నారోగానీ శ్రద్ధగలవాళ్ళు."

"ఎవరూ చూడట్లేదు. పదేళ్ళు ముట్టుకోనక్కర్లేదట కదా?"

అతను నవ్వాడు.

"ఎవరండీ అన్నది? రెండు మూడు నెలలకోసారి కేబుల్ సర్దాలి. ఏడాదికోసారి నూనె మార్చాలి. ఇది మొన్నమొన్న పోసిన నూనె. కేబుల్ కూడా కొత్తదే వేశారు."

ఆ ముసలాయన ఇల్లెక్కడని ఆమె వెళ్ళి వాచ్‌మన్‌ని అడిగింది.

"పిండిమర వెనక వీధిలో ఉంటాడు మేడమ్, పాపం మెత్తని మనిషి," అన్నాడు వాచ్‌మన్.

తలుపు తీసినామె ఆమెనీ, సైకిల్నీ మార్చి మార్చి చూసింది.

"నాన్న పోయి పదిహేను రోజులైందండి."

లైబ్రేరియన్ సైకిల్ని గోడకి ఆనించింది.

"నేనాయన్ని దొంగన్నాను..."

"తెలుసండి. ఆయనకి కోపం లేదు. 'ఈపాటికి కేబుల్ సాగిపోయుంటుందే' అని చివరిదాకా ఒకటే బెంగ."

"తానెవరో ఒక్క మాట చెప్పుంటే!"

"చెప్తే మీరు మళ్ళీ ఏడుస్తారని ఊరుకున్నారు."

"ఆయన సైకిల్ మెకానిక్కా అమ్మా?"

"అయ్యో, దర్జీ అండి. అంతకుముందు పానా పట్టి ఎరగరు."

కూతురు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"రెండేళ్ళ కిందట ఆసుపత్రిలో ఆ ఆఖరి పది రోజులూ, మీరు ఇంటికెళ్ళాక, పక్క మంచం మీదున్న మా నాన్నకి సెలైన్ గొట్టం పట్టుకుని కేబుల్ సర్దడం నేర్పింది మీ ఆయనేనండి."