పాతికేళ్ల అతిథి

నోట్‌బుర్గాని చంపింది పోల్. ఈ విషయంలో ఆమె భర్త గెబ్‌హార్డ్‌కి ఎవరి అభిప్రాయంతోనూ పని లేదు.

"పోల్‌కి ఊరిచ్చే అతిథి పతకం నువ్వే గుచ్చాలి నాన్నా," అంది కూతురు జీటా, అతని కోటు మీద దుమ్ము దులుపుతూ. "పాతికేళ్లుగా ఏటా మన ఇంట్లోనే దిగుతున్న మనిషి. ఇంటాయన గుచ్చడం ఊరి ఆనవాయితీ."

"గుచ్చుతాను. ముందు చెప్పాల్సింది చెబుతాను."

"అమ్మ పోయి ఆరేళ్లయింది. ఇంకా వదలవా?"

"వదలను."

మంచు పడిందంటే ఆ కొండ ఊరు ఓబర్‌గ్రిస్‌లో అన్ని ఇళ్లూ అంతే. ఈస్టర్ దాకా మంచి గదులన్నీ స్కీయింగ్‌కి వచ్చి అద్దెకి దిగేవాళ్లవి. ఇంటివాళ్లు అటక మీదో, నేలమాళిగలోనో సర్దుకోవాలి. వచ్చినవాణ్ణి గది మార్చమన్న ఇల్లు ఊళ్లో లేదు. ఉంటే నలుగురిలో నవ్వులపాలే. గెబ్‌హార్డ్ దంపతులకి బంగాళాదుంపల బస్తాల పక్కన రెండు పరుపులు. ఆరేళ్ల కిందటి ఫిబ్రవరిలో నోట్‌బుర్గాకి దగ్గు పట్టుకుంది. పైన, పొయ్యి వెచ్చదనంలో, ఆమె పెళ్లినాటి మంచం మీద పోల్ పడుకున్నాడు. పదో రోజుకి ఆమె పోయింది.

సాయంత్రం కొండ మీదికి తీసుకెళ్లే స్కీ లిఫ్టులు ఆగాక ఊరంతా హాల్లో చేరింది. బాకాల మేళం ఒక పాట వాయించి ఊరుకుంది. పోల్ స్కీ బూట్లతోనే టకటకమంటూ వేదిక ఎక్కాడు. మంచు మీది ఎండకి ముక్కు కమిలిపోయి ఉంది.

"ఈ ఏడన్నా పడకుండా దిగావా పోల్?" వెనక నుంచి ఎవరో అరిచారు.

"రెండుసార్లే పడ్డాను. మూడోసారి మీ గొడ్ల కొట్టం గోడ ఆపింది!"

అందరూ నవ్వారు. గెబ్‌హార్డ్ నవ్వలేదు. పతకం పట్టుకుని ముందుకొచ్చాడు.

"నా భార్య కింద చలిలో దగ్గుతూ ఉంటే, ఈయన ఆమె మంచం మీద నిద్రపోయాడు. పతకం అందుకే."

ముందు వరుసలో కూతురు లేచి నిలబడింది.

"నాన్నా!" అంది జీటా.

"అబద్ధమా పోల్? నలుగురిలో చెప్పు."

పోల్ నోరు తెరిచాడు. జీటా వంక చూశాడు. "నిజమే. ఆ మంచం మీద నేనే పడుకున్నాను," అన్నాడు.

గెబ్‌హార్డ్ పతకం గుచ్చాడు. సూది చొక్కా దాటి చర్మానికి తగిలిందని తెలిసినా చెయ్యి తీయలేదు. పోల్ కదల్లేదు.

ఇంటిదారిలో జీటా తండ్రి వెనకే పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఆయన ఏదో చెప్పబోయి నన్ను చూసి ఆగాడు. ఏంటది?"

"ఏమీ లేదు."

"నా మొహం చూసి చెప్పు నాన్నా."

గెబ్‌హార్డ్ ఆగాడు గానీ తిరగలేదు.

"ఊరి ముందు చెప్పేశాను. అయిపోయింది. ఈ మాట ఇక నా దగ్గర ఎత్తకు. చచ్చేదాకా నేనూ ఎత్తను."

నోట్‌బుర్గా దగ్గుతున్న ఆ పది రోజుల్లో, ఆమె కోసం గది ఖాళీ చేస్తానని పోల్ రెండుసార్లు బతిమాలితే, రెండుసార్లూ వద్దన్నది గెబ్‌హార్డే.