ఎర్ర కాగితం వెనక

“జెర భయపడు అఫ్రీన్. అది మనుషుల్ని మింగే కంప్యూటర్,” అన్నాడు డైరెక్టర్ రాఘవేందర్, మూడోసారి కట్ చెప్పి.

ఎలా భయపడుతుంది? అది సీతాఫల్‌మండిలోని జిరాక్స్ షాపు కంప్యూటర్. తెరకు ఎర్ర జెలటిన్ కాగితం అంటించి దాన్ని రాక్షసిని చేశారు.

“నవ్వొస్తుంది సార్.”

“గట్లంటే ఎట్ల? ఓనర్ సాబ్ మంచోడు కాబట్టి సినిమా నడుస్తుంది. షాపిచ్చిండు, కిరాయి వద్దన్నడు. నువ్వు బట్టలు మార్చుకోనీకి లోపలి రూం సుత ఇచ్చిండు. తెర మీద ఏమున్నా ఎర్ర కాగితం వల్ల కెమెరాకు కనబడదు. ఏదో ఒక బటన్ నొక్కి, మొహంల భయం చూపియ్యి, చాలు.”

నాలుగో టేకులో అఫ్రీన్ బటన్ నొక్కింది. ఎర్ర కాగితం వెనక తెర వెలిగింది.

అందులో ఒక చిన్న గది. పొద్దున తను విప్పి మేకుకు తగిలించిన పూల చున్నీ ఫ్యాను గాలికి కదులుతోంది.

అరవబోయింది. లోపలి రూం తలుపు వైపు చూసింది.

“కట్. గిదే నాక్కావాల్సింది,” రాఘవేందర్ చప్పట్లు కొట్టాడు. “ఇయ్యాల్టికి అయిపోయింది. లోపలికి పోయి బట్టలు మార్చుకో.”

పొద్దుటి నుంచి గోడకు ఆనుకుని నిలబడ్డ ఓనర్, కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.