ముళ్ళపంది వచ్చిన దారి

ఎవరికి ఎరుక ఎక్కువో తేలుస్తానని తాబేలు వాగొడ్డున పోటీ పెట్టిన రోజది. కుందేలుకు కాలు ఒకచోట నిలవలేదు. అందరికంటే ముందు వరుసలోకి దూకి, కళ్ళు మూసుకుని బిగుసుకుని కూర్చుంది. పక్కనున్న తొండ ఏదో చెప్పబోతే "ష్, ధ్యానంలో ఉన్నాను" అని కసిరింది. ఈగ వాలినా చెవి కదపలేదు. గెలుపు తనదేనని లోపల మనసు మాత్రం ఒకటే గంతులేస్తోంది.

అప్పుడొచ్చింది ముళ్ళపంది, అందరికంటే ఆలస్యంగా. ముళ్ళన్నీ ఒంటికి అదిమిపెట్టుకుని, "కాస్త జరగమ్మా, తోక జాగ్రత్త తమ్ముడూ" అంటూ కిక్కిరిసిన గుంపులోంచి మెల్లగా ముందుకొచ్చి నిలబడింది.

"గెలిచింది ముళ్ళపంది," అంది తాబేలు.

కుందేలు చివాలున కళ్ళు తెరిచింది. "అదెలా అత్తా? అదింకా కూర్చోనైనా లేదు కదా."

"ఇంతమంది మధ్యలోంచి వచ్చింది. ఎవరికైనా ముల్లు గీసుకుందేమో చూసుకోండి."

అందరూ ఒళ్ళు తడుముకున్నారు. ఒక్కరికీ చిన్న గీతైనా పడలేదు.

"మరి నన్నెలా కొలిచావు?" అంది కుందేలు ఉక్రోషంగా.

తాబేలు నోరు విప్పేలోపే తొండ గొంతు వినిపించింది.

"అక్కా, పొద్దుటినుంచీ నా తోక మీదే కూర్చున్నావు. పోటీ అయిపోయింది కదా, ఇకనైనా లేస్తావా?"