నేల సాక్ష్యం

"మళ్లీ మట్టే తెచ్చారా, బాబాయిగారూ?"

మ్యాపుల ఆఫీసరమ్మ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. నడకరాయుడు సంచిలోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. వేళ్ల మధ్య నలిపితే మట్టి పిండిలా రాలింది.

"మోకాలి లోతు తవ్వి తీశానమ్మా, ఈ పొద్దునే. ఇందులో మీ మిషన్‌కి చిత్తడి ఎక్కడ కనిపించిందో చూపించు."

ఈ ఆఫీసుకు రావడం ఐదోసారి. మూడంతస్తుల మెట్లు. లిఫ్టుకు అంటించిన 'పనిచేయదు' అన్న కాగితం కూడా పాతబడి పసుపురంగుకు తిరిగింది. మెట్టుకోసారి దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కాడు. ముప్ఫై రెండేళ్లు ఇదే శాఖలో చేలూ, బీళ్లూ, అడవులూ కాలినడకన తిరిగి, ఎక్కడ ఏ మొక్క ఉందో, నేల ఎలా ఉందో రాసిచ్చిన మనిషి. నడకరాయుడన్న పేరు తోటివాళ్లు అప్పుడు పెట్టిందే. ఇప్పుడు పేరు మిగిలింది, మోకాళ్లు మిగల్లేదు.

పక్క కుర్చీలో కూతురు అర్జీ నింపుతోంది. పేరు, చిరునామా, పుట్టిన తేదీ. ఐదోసారీ అవే గళ్లు.

"పుట్టిన తేదీ రాసేటప్పుడు నాన్న మొహం చూడాలి మేడమ్," అంది తలెత్తకుండా. "వెలిగిపోతుంది."

"వెలగదూ మరి! తెల్లవారుతుండగా పుట్టింది. నర్సమ్మ చేతుల్లోంచి నేనే అందుకున్నాను. చీకటి పడేదాకా, పాలకి తప్ప ఒళ్లోంచి దించితే ఒట్టు. 'కన్నది నువ్వా, నా కూతురా?' అని మా అత్తగారు ఒకటే పోరు."

ఆఫీసరమ్మ నవ్వబోయింది. ఎదుట గుట్టగా ఉన్న అర్జీలు చూసి ఆ నవ్వు సగంలోనే అలిసిపోయింది.

"అమ్మాయ్, ఈసారి కాదంటే ఇక పైన అడగడానికి లేదు. తెలుసు కదా?"

కూతురు తలూపింది. ఆరేళ్లుగా ఒకరి నర్సరీలో మొక్కలకు నీళ్లు పోస్తోంది. ఊరి చివర ఉన్న ఆ రెండెకరాల్లో తనదంటూ ఒక నర్సరీ పెట్టుకోవాలని కోరిక. మ్యాపులో అది చిత్తడినేల. అక్కడ గుంత తవ్వకూడదు, షెడ్డు వేయకూడదు.

ఆఫీసరమ్మ కంప్యూటరు తెర వాళ్ల వైపు తిప్పింది.

"ఎత్తుపల్లాలు లైడార్ చెబుతుంది. విమానంలోంచి లేజరు వేసి కొలుస్తుంది. మీ చోటు కాస్త పల్లమంది. అంతమాత్రాన చిత్తడి అయిపోదు. కానీ హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా ఉంది చూశారూ, మన కంటికి పచ్చ ఒక్కటే, దానికి పచ్చలో వంద తేడాలు. మీ చోట్లో గడ్డి చిత్తడిలో మొలిచే గడ్డి అంటోంది."

"దానికెలా తెలుసమ్మా?"

"ఎవరో నేర్పితేనే. ఒక మనిషి వెళ్లి, చూసి, ఇది చిత్తడి, ఇది మెట్ట అని రాసిస్తాడు. ఇక ఆ పచ్చ ఎక్కడ కనిపించినా మిషన్ అదే మాట అంటుంది."

పైనుంచి చూసేవాడు ఒక్కడే అనుకుంటూ బతికాడు నడకరాయుడు. ఇప్పుడు విమానాలూ చూస్తున్నాయి. కానీ ఆ పైవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. దీనికి మనిషే నేర్పాలి.

"మరి నేర్పినవాడే తప్పు నేర్పితే?"

"అదే నా బాధ కూడా. ఈ గడ్డి పేరు చెప్పి నూటపన్నెండు అర్జీలు వెనక్కి పంపాను. రాసినాయన వచ్చి 'పొరపాటు పడ్డాను' అంటే అన్నీ మళ్లీ తెరవొచ్చు. ఆయన ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో! ఇదిగో, మిషన్‌కి నేర్పిన ఆ పాత కాగితం స్టోర్‌లోంచి ఇవాళే వచ్చింది."

దుమ్ము దులిపి ఫైలు విప్పింది. వరసగా అంకెలు. ప్రతి అంకె పక్కనా ఒకటే మాట: చిత్తడి.

నడకరాయుడు ముందుకు వంగాడు.

"అది నా రాత!"

"మీదా?"

"సున్నాకి తోక చూడు. శాఖ మొత్తంలో అలా రాసేవాణ్ణి నేనొక్కణ్ణే."

ఆఫీసరమ్మ గబగబా చదివింది. "పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు... నలభై చోట్లు. ఒక్క రోజులోనా?"

"ఊరికే అన్నారా తల్లీ, నడకరాయుడని!"

ఆమె గొంతులో మొదటిసారి కాస్త ఆశ పలికింది. "అయితే మీరే చెప్పండి. ఇందులో పొరపాటు ఉండొచ్చా? 'ఉండొచ్చు' అంటే చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

నడకరాయుడు పొట్లంలోని మట్టిని చూశాడు. కూతురిని చూశాడు. ఒక్క మాట. పొట్లం మళ్లీ మడిచి సంచిలో పెట్టాడు.

"లేదమ్మా," అన్నాడు చివరికి. "కాలు పెట్టని చోటు గురించి నేనెన్నడూ ఒక్క ముక్క రాయలేదు. నా పిల్ల కోసమని దేవుడి ఎదుట అబద్ధమాడలేను."

కూతురు పెన్నుకు మూత పెట్టింది. సగం నింపిన అర్జీని నాలుగు మడతలు వేసింది.

"నాన్న చూసి రాశాడంటే ఉన్నట్టే మేడమ్. మా చోట్లోనూ ఇంకా లోతుకు తవ్వితే నీరుందేమో. వద్దు లెండి." తండ్రి మోచేయి పట్టుకుంది. "పద నాన్నా. మెట్లు నెమ్మదిగా దిగుదాం."

ఆఫీసరమ్మ నిట్టూర్చి కాగితం ఆయన ముందుకు జరిపింది. "అయితే కింద, మీ పాత సంతకం పక్కనే, నిజమేనని ఇంకో సంతకం పెట్టండి. ఫైలు మూసేస్తాను."

నడకరాయుడు కళ్లజోడు పెట్టుకున్నాడు. పెన్ను అందుకున్నాడు. పాత సంతకం కింద, ఆ నలభై చోట్లూ తిరిగిన రోజని తన చేత్తోనే వేసిన తేదీ ఉంది.

కూతురు పుట్టిన రోజది.