గమకం ఎవరిది

అడవిలో పాటలు కట్టడంలో గోరింకను మించింది లేదు. ఒక ఏడాది దానికి కొత్త పాట కట్టాలనిపించింది.

దరువు అడిగితే వడ్రంగిపిట్ట, "తీసుకుపో, నీ ఇష్టమొచ్చినట్టు వాడుకో" అంది. కీచురాయి మాత్రం తన గమకం ఇస్తూ ఒక్క మాట అడిగింది.

"అక్కా, ఈ పాట ఎవరు నేర్పమన్నా నేర్పు. అందులో నా గమకం ఏదో విప్పి చూపించు. అంతే చాలు."

"అదెంత పని!" అంది గోరింక.

పాటకు అడవంతా చెవులప్పగించింది. నేర్పమని పిట్టలు వచ్చాయి. "ఇది నా పాట, ఎవరికీ నేర్పను" అని గోరింక అందరినీ తిప్పి పంపింది. "మాట ఇచ్చావు కదక్కా" అని కీచురాయి పొదలోంచి అంటూనే ఉండేది. అంత పాటలో ఆ సన్నటి గొంతు ఎవరికి వినబడుతుంది?

ఆ చలికాలం కీచురాయి చచ్చిపోయింది.

తొలకరికి దాని పిల్లలు మట్టిలోంచి బయటికొచ్చాయి. తండ్రి గొంతు ఎలా ఉంటుందో వాటికి తెలియదు.

"అత్తా, మా నాన్న గమకం నీ పాటలో ఉందని వడ్రంగిపిట్ట చెప్పింది. అదొక్కటీ వినిపించవా?"

గోరింక పాడింది, ఆపింది, మళ్ళీ మొదలుపెట్టింది. పాటంతా వస్తోంది గాని గమకం విడిగా రావడం లేదు.

"ఇందులోనే ఉందర్రా" అంది తల వంచుకుని. "ఒక్కరికైనా విప్పి చూపించి ఉంటే నాకూ గుర్తుండేది."

పిల్లలు పాటంతా మళ్ళీ పాడమన్నాయి. ప్రతి మలుపు దగ్గరా, "ఇదేనా, అత్తా?" అని అడుగుతూనే ఉన్నాయి.